నట్టు పట్టు: మిల్లు జల్లెడ నుంచి చెరువు తూము దాకా నట్టును ఎంచుకోవడం, బిగించడం, బాగు చేసుకోవడం

వానాకాలం వడ్లు మిర్యాలగూడ మిల్లులకు రావడం మొదలైందంటే ఇక రాత్రీపగలూ మిషన్లు ఆగవు. సరిగ్గా అప్పుడే ఎలివేటర్ బకెట్ నట్టు ఒకటి ఊడి వడ్లతోపాటు పొట్టు తీసే రబ్బర్ షెల్లర్‌లోకి పోయిందనుకోండి, రబ్బరు రోలు పాడవుతుంది, లైను ఆగుతుంది, గేటు బయట వడ్ల లారీలు వరస కడతాయి. యాసంగి దుక్కుల్లో రోటవేటర్ బ్లేడు ఊడినా, కాలువకు నీళ్లు వదిలిన రోజే తూము షట్టర్ కదలకుండా మొరాయించినా, వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఒక నట్టు దగ్గర తేలుతుంది. కొద్ది రూపాయల సామాను కదా అని దానికి ఎవరూ టైమ్ ఇవ్వరు, నాకు బాధనిపించేది అక్కడే.

మిల్లు మెకానిక్‌లు, సొంత ట్రాక్టర్ ఉన్న రైతులు, బోరు పనివాళ్లు, లేత్ పని నేర్చుకుంటున్న తమ్ముళ్లు చేతిలో పెట్టుకుని పని చేసుకునేలా ఇది రాస్తున్నాను. చివరిదాకా చదవండి, ఎందుకంటే తూము, లేత్, జాక్ సంగతి రెండో సగంలో వస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ నట్టు కదలకుండా ఉండాలా, కదిలించాలా?

నట్టు చేసే పనులు రెండు. ఒకటి, రెండు భాగాలను కలిపి పట్టుకుని కదలకుండా ఉండటం. మిల్లు ఫ్రేమ్, ట్రాక్టర్ చక్రం, బోరు పైపు ఫ్లాంజ్ (పైపులను కలిపే అంచు పళ్లెం) నట్లు ఈ రకం. రెండోది, స్క్రూ తిరుగుతుంటే తాను జరగడం, లేదా తాను తిరుగుతూ స్క్రూను జరపడం. తూము షట్టర్, స్క్రూ జాక్, బెంచ్ వైస్, లేత్ లీడ్‌స్క్రూ (టూలును జరిపే పొడుగు స్క్రూ) ఈ రకం.

ఈ రెండు రకాలకు కావాల్సినవి పూర్తిగా ఎదురెదురు. పట్టుకునే నట్టుకు రాపిడే ప్రాణం, కదిలించే నట్టుకు రాపిడే శత్రువు. మొదటి దాన్ని బోల్టుకు సమానమైన గట్టి లోహంతో చేస్తారు, రెండో దాన్ని స్క్రూ కన్నా మెత్తటి లోహంతో చేస్తారు. మొదటి దాంట్లో గ్రీజు లెక్క చూసి పెట్టాలి, రెండో దాంట్లో గ్రీజు లేకుండా ఒక్క చుట్టు కూడా తిప్పకూడదు. నేను చూసిన నష్టాల్లో చాలా భాగం ఒక రకానికి చెయ్యాల్సింది ఇంకో రకానికి చెయ్యడం వల్ల వచ్చినవే.

థ్రెడ్ ఏదో గుర్తుపట్టడం

పానా సైజు చూసి థ్రెడ్ (మర) సైజు చెప్పేయడం మన దగ్గర బాగా అలవాటు. అది నమ్మకండి. 10 ఎంఎం నట్టు పాత కొలతలో అయితే 17 పానాకు వస్తుంది, కొత్త కొలతలో అయితే 16కు వస్తుంది. 12 ఎంఎం నట్టు అలాగే 19 లేదా 18. కాబట్టి వెర్నియర్‌తో బోల్టు బయటి వ్యాసం కొలవండి, తర్వాత పిచ్ (ఒక మర నుంచి పక్క మరకు దూరం) తెలుసుకోవడానికి పిచ్ గేజ్ ఆకులు ఒక్కొక్కటి పెట్టి చూడండి. ఆకు పళ్లకూ బోల్టుకూ మధ్య వెలుతురు కనబడకూడదు. గేజ్ లేకపోతే స్కేలు పెట్టి పది మరల దూరం కొలిచి పదితో భాగించండి. 15 ఎంఎం వస్తే పిచ్ 1.5 అన్నమాట.

మెట్రిక్ మామూలు థ్రెడ్‌లో గుర్తుండాల్సిన పిచ్‌లు ఇవి: 6 ఎంఎంకు 1, 8కి 1.25, 10కి 1.5, 12కు 1.75, 16కు 2, 20కి 2.5. ఫైన్ థ్రెడ్ వేరే ఉంటుంది, 10 ఎంఎంలోనే 1.25 పిచ్ కూడా దొరుకుతుంది, వాహనాల్లో ఇవి ఎక్కువ.

అసలు చిక్కు పాత ఇంచు థ్రెడ్‌తో. మన మిల్లుల్లో, పాత ట్రాక్టర్లలో, పాత లేత్‌లలో ఇప్పటికీ సూత్ లెక్క బోల్టులున్నాయి. ఒక సూత్ అంటే ఇంచులో ఎనిమిదో వంతు. మూడు సూత్ బోల్టు వ్యాసం 9.5 ఎంఎం చిల్లర, 10 ఎంఎం నట్టులో ఇది వదులుగా దూరుతుంది, కొన్ని చుట్లు తిరిగాక బిగుసుకుంటుంది. బిగుసుకుంది కదా అని వదిలేస్తే ప్రమాదం. ఆ బోల్టు మరలు ఇంచుకు 16, అంటే పిచ్ 1.59 దాకా, నట్టు పిచ్ ఏమో 1.5. మరల అంచులు మాత్రమే తగులుతుంటాయి, బరువు పడగానే జారిపోతుంది. నాలుగు సూత్‌లో ఇంకో గొడవ: విట్‌వర్త్ థ్రెడ్ అయితే ఇంచుకు 12 మరలు, అమెరికన్ థ్రెడ్ అయితే 13. చూపుకు రెండూ ఒక్కటే. జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ఇంగ్లండ్‌లో ఖాయం చేసిన ఆ థ్రెడ్ కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌కూ అమెరికన్‌కూ 60 డిగ్రీలు. కోణం కూడా తేడా కాబట్టి బలవంతంగా ఎక్కించినా కుదురుగా కూర్చోదు.

ఇక్కడ ఒకటే నియమం పెట్టుకోండి. కొత్త నట్టు మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే పానా పట్టకండి, నట్టు తీసేయండి. నట్టును బోల్టు మీద పెట్టి ముందు వెనక్కి తిప్పితే ఒకచోట టక్కుమని చిన్నగా దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి ముందుకు తిప్పితే థ్రెడ్ అడ్డంగా ఎక్కదు.

ఎడమ చేతి థ్రెడ్ కూడా చూసుకోండి. బెంచ్ గ్రైండర్‌లో ఎడమవైపు చక్రం నట్టు, సైకిల్ ఎడమ పెడల్ తిరగేసి విప్పాలి. మిషన్ తిరిగే దిక్కుకు నట్టు ఊడిపోకుండా అలా పెడతారు. గట్టిగా ఉందని గొట్టం తగిలించి లాగే ముందు మరల వాలు ఎటుందో ఒకసారి కళ్లారా చూడండి.

గ్రేడ్: బోల్టు మీద అంకె, నట్టు మీద అంకె

బోల్టు తల మీద 8.8 అని ఉందంటే, 8ని వందతో గుణిస్తే 800 మెగాపాస్కల్ దగ్గర తెగుతుంది, చుక్క తర్వాతి 8 ప్రకారం అందులో 80 శాతం దగ్గర, అంటే 640 దగ్గర, సాగిపోయి తిరిగి రాని స్థితికి వస్తుంది. నట్టు మీద ఒకే అంకె ఉంటుంది: 6, 8, 10. బోల్టు మొదటి అంకెకు సమానంగానో ఎక్కువగానో నట్టు అంకె ఉండాలి. 8.8 బోల్టుకు 8 నట్టు, 10.9 బోల్టుకు 10 నట్టు.

ఎందుకు ఇంత పట్టుదల అంటే, గ్రేడ్ సరిగ్గా కలిస్తే అతిగా బిగించినప్పుడు ముందు బోల్టు తెగుతుంది. తెగిన బోల్టు ఎవరికైనా కనబడుతుంది, మార్చేస్తారు. మెత్తటి నట్టు పెడితే బోల్టు తెగదు, నట్టు లోపలి మరలు సగం చిరిగి ఊరుకుంటాయి, పైకి అంతా బాగానే ఉంటుంది, మిషన్ నడిచాక ఊడుతుంది. అంకె ఏమీ లేని నట్లు కిలోల లెక్కన దొరుకుతాయి. పశువుల కొట్టం రేకులకు, కంచెకు వాడుకోండి, తిరిగే మిషన్‌కు వద్దు.

బరువు ఎక్కువ పడే చోట పొడుగు నట్టు పెడితే బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెద్దగా పెరగదు. బరువులో దాదాపు మూడో వంతు వాషర్ వైపున్న మొదటి మర ఒక్కటే మోస్తుంది, మొదటి మూడు మరలు కలిసి చాలా భాగం లాగేస్తాయి, పైనున్న వాటికి మిగిలేది తక్కువ. అందుకే మామూలు నట్టు మందం బోల్టు వ్యాసంలో 80 నుంచి 90 శాతం ఉంటే సరిపోతుంది. నట్టు పైన కనీసం రెండు మరల బోల్టు బయటికి కనబడాలి, బోల్టు కొస నట్టు లోపలే ఆగిపోతే ఆ నట్టు సగం పనే చేస్తోంది.

బిగించడం అంటే బోల్టును సాగదీయడం

మొత్తం పట్టుకునే నట్ల సంగతిలో తలకెక్కాల్సింది ఇదొక్కటే. నట్టు తిప్పుతుంటే బోల్టు కంటికి కనబడనంత సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగులా రెండు భాగాలనూ లోపలికి లాగి పట్టుకుంటుంది. ఆ లాగుడు ఉన్నంతసేపే జాయింట్ గట్టి. లాగుడు తగ్గితే భాగాలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి, అప్పుడు ఎంత మంచి నట్టయినా నిలవదు.

పానా మీద మీరు పెట్టే బలంలో సుమారు సగం నట్టు కింది ముఖం రాపిడికి, ఇంకో 40 శాతం మరల రాపిడికి పోతుంది. బోల్టును సాగదీయడానికి మిగిలేది పదో వంతే. అంటే రాపిడి కొంచెం మారినా ఆ పదో వంతు తలకిందులు అవుతుంది. తుప్పు పట్టిన బోల్టును గట్టిగా లాగి బిగించామని అనుకుంటాం, బలమంతా తుప్పే తినేసి ఉంటుంది. అదే బోల్టుకు నూనె రాసి అంతే బలంతో లాగితే సాగాల్సిన దానికన్నా ఎక్కువ సాగి తెగొచ్చు. కాబట్టి ముందు ఇనుప బ్రష్‌తో మరలు తోమండి, నట్టు కింద పెయింటు పొరలుంటే గీకేయండి. పెయింటు మెల్లగా నలిగి బిగువు తగ్గిపోతుంది.

8.8 బోల్టు, 8 నట్టు, మరలు శుభ్రంగా నూనె లేకుండా ఉంటే, మిషన్ కంపెనీ అంకె ఇవ్వని చోట నేను వాడే టార్క్‌లు (నట్టును తిప్పే బలం): 8 ఎంఎంకు 25 న్యూటన్ మీటర్లు, 10కి 48, 12కు 85, 16కు 210. నూనె రాసిన మరలకు ఇందులో పావు వంతు తగ్గించండి. కంపెనీ పుస్తకంలో అంకె ఉంటే అదే పట్టుకోండి.

టార్క్ రెంచ్ అందరి దగ్గరా ఉండదు. దానికి ఒక ఉపాయం ఉంది. తూకానికి వాడే వేలాడే కాటా తీసుకోండి, పానా మీద నట్టు మధ్య నుంచి సరిగ్గా 25 సెంటీమీటర్ల దగ్గర గీత పెట్టి కొక్కెం అక్కడ తగిలించండి, పానాకు లంబంగా, 90 డిగ్రీల కోణంలో లాగండి. కాటా మీద 20 కిలోలు చూపిస్తే నట్టు మీద 49 న్యూటన్ మీటర్లు పడుతున్నాయి, 10 ఎంఎం బోల్టుకు అది చాలు. 12 ఎంఎంకు 35 కిలోలు, 8 ఎంఎంకు 10 కిలోలు. కోణం తప్పితే లెక్క తప్పుతుంది, మిగతాదంతా నిక్కచ్చి. కొన్నిసార్లు ఇలా లాగి చూశాక మీ చేతికే అంచనా వస్తుంది. "ఇంకొంచెం లాగన్నా, గట్టిగుంటది" అని పక్కనుంచి ఎవరన్నా అంటారు, వినకండి. పానాకు పైపు తగిలించి బిగించడం మానుకోండి, విప్పడానికైతే వేరే సంగతి.

నాలుగైదు నట్లున్న చోట, ట్రాక్టర్ చక్రమైనా బోరు పైపు ఫ్లాంజ్ అయినా, ఎదురెదురుగా బిగించుకుంటూ పోవాలి. మొదటి రౌండు మూడో వంతు, రెండో రౌండు మూడింట రెండు వంతులు, మూడో రౌండు పూర్తిగా. ఫ్లాంజ్‌లో ఒకవైపు ముందే పూర్తిగా బిగిస్తే రబ్బర్ గ్యాస్కెట్ అటు నలిగి ఇటు లేస్తుంది, తర్వాత ఎంత బిగించినా నీళ్లు చిమ్ముతూనే ఉంటాయి. చక్రం నట్టు కోన్ ముఖం రిమ్ వైపే ఉండాలి, ఆ కోన్ మీద గ్రీజు పూయకండి. చక్రం మార్చాక ఒక పూట దున్నిన తర్వాత మళ్లీ ఒకసారి చూడటం తప్పనిసరి.

వైబ్రేషన్‌కు ఊడకుండా

నట్టు ఎందుకు వదులవుతుందో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బోల్టు పొడుగునా వచ్చే అదురు కన్నా, భాగాలు పక్కలకు జరగడమే నట్టును విప్పేస్తుందని తేల్చాడు. పక్కకు జరిగిన ప్రతిసారీ మరల రాపిడి ఒక క్షణం పోయినట్టే అవుతుంది, నట్టు కొంచెం వెనక్కి తిరుగుతుంది. మిల్లు జల్లెడ, డీస్టోనర్ (వడ్లలో రాళ్లు వేరు చేసే మిషన్) చేసేది సరిగ్గా ఈ పక్కల ఊపే. దీనికి స్ప్రింగ్ వాషర్ మందు కాదు. నట్టు బిగించాక అది చదునుగా అణిగిపోతుంది, బోల్టు లాగుడు ముందు దాని బలం చాలా చిన్నది.

మొదట చెయ్యాల్సింది బిగింపు సరిచేయడం, వీలైతే పొడుగు బోల్టు వాడటం. పొట్టి బోల్టు సాగేదే తక్కువ, వాషర్ కింద కొంచెం నలిగినా లాగుడంతా పోతుంది. నట్టుకూ తలకూ మధ్య పట్టుకునే పొడుగు వ్యాసానికి మూడు నుంచి ఐదు రెట్లు ఉంటే చాలా మేలు. అవసరమైతే మధ్యలో దళసరి గొట్టం ముక్క పెట్టి పొడుగు పెంచుకోవచ్చు.

తర్వాత నైలాక్ నట్టు. లోపల నైలాన్ రింగు ఉంటుంది, జల్లెడలకు మంచిది. తీసి మళ్లీ పెట్టేటప్పుడు వేళ్లతో రింగు దాకా కాదు, రింగు దాటి కూడా సులువుగా తిరిగిపోతే దాన్ని పారేయండి. వేడి 120 డిగ్రీలు దాటే చోట పనికిరాదు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక పొయ్యి, బాయిలర్ చుట్టుపక్కల మొత్తం లోహంతో చేసిన లాక్ నట్టే వాడాలి.

డబల్ నట్టు అందరూ వాడతారు, వరస మాత్రం ఎక్కువమంది తలకిందులుగా పెడతారు. పల్చటి నట్టు కింద, మామూలు మందం నట్టు పైన ఉండాలి. ముందు పల్చటిది మూడో వంతు బలంతో బిగించండి. సన్నటి పానాతో దాన్ని తిరగకుండా పట్టుకుని, పై నట్టును పూర్తి బలంతో బిగించండి. పైది బిగిసేకొద్దీ కింది నట్టును కిందికి నొక్కుతుంది, బోల్టు లాగుడంతా పై నట్టు మరల మీదికి మారిపోతుంది. బరువు మోసేది పైది కాబట్టి మందం పైదానికే కావాలి. రెండో దాన్ని బిగించేటప్పుడు కిందిది పట్టుకోకపోతే రెండూ కలిసి తిరుగుతాయి, అప్పుడు అది డబల్ నట్టే కాదు.

ఊడితే మనిషికి దెబ్బ తగిలే చోట, స్టీరింగ్ జాయింట్లు, ట్రెయిలర్ హుక్ లాంటి చోట, గాళ్లున్న క్యాజిల్ నట్టు పెట్టి స్ప్లిట్ పిన్ వెయ్యాలి. పిన్ బదులు మేకు, బైండింగ్ వైరు పెట్టడం నేను ఒప్పుకోను.

అన్నీ అయ్యాక నట్టు మీది నుంచి ఫ్రేమ్ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగితే నట్టు తిరిగిందని నడుస్తున్న మిషన్‌ను దూరం నుంచి చూసినా తెలుస్తుంది. ఇంకో గుర్తు, వాషర్ చుట్టూ సన్నటి ఎర్రటి పొడి. నీళ్లు తగలని చోట వాషర్ అంచున కుంకుమ రంగు పొడి రింగులా పేరుకుందంటే అక్కడ ఇనుము ఇనుమును అరగదీస్తోంది, జాయింట్ లోపల జరుగుతోంది. తవుడు దుమ్ము దాన్ని కప్పేస్తుంది, అందుకే నట్ల చుట్టూ తుడిచాకే చూడాలి.

పట్టేసిన నట్టు విప్పడం, పోయిన మర బాగు చేయడం

మెయిన్ ఆఫ్ చేసి ఫ్యూజు తీసి మీ జేబులో పెట్టుకున్నాకే చెయ్యి పెట్టండి. ఆ తర్వాత బయటికి వచ్చిన మరలు బ్రష్‌తో తోమి, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున ఆరు మూలలూ పట్టే రింగ్ పానా పెట్టి, ముందు బిగించే వైపు కొంచెం కదిలించండి, తుప్పు పట్టు అక్కడ విరుగుతుంది, తర్వాత విప్పే వైపు. ఇంకా రాకపోతే నట్టుకు రెండు పక్కలా రెండు సుత్తులు పెట్టి ఒకేసారి కొట్టండి. చివరికి గ్యాస్‌తో నట్టును మాత్రం వేడి చెయ్యండి, బోల్టును కాదు. ఊక, తవుడు దుమ్ము ఉన్న గదిలో మంట వెలిగించవద్దు, అలాంటి చోట నట్టు స్ప్లిటర్‌తోనో ఉలితోనో నట్టును చీల్చేయడమే మంచిది. నట్టు పోతే పోనీ.

సబ్‌మెర్సిబుల్ పంపు స్టెయిన్‌లెస్ నట్లది ఇంకో రకం. స్టీలు బోల్టు మీద స్టీలు నట్టును గబగబా తిప్పితే మధ్యలో అతుక్కుపోతుంది, ఇక ముందుకూ రాదు వెనక్కూ పోదు. యాంటీ సీజ్ పేస్టు (మరలు అతుక్కోకుండా రాసేది) రాసి చేత్తో మెల్లగా బిగించండి, ఇంపాక్ట్ గన్ వాడకండి.

మర పోయిన హోల్‌కు ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) వేసుకోవాలంటే డ్రిల్ సైజులు: 6 ఎంఎం ట్యాప్‌కు 5, 8కి 6.8, 10కి 8.5, 12కు 10.2. ముందుకు అర చుట్టు, వెనక్కి పావు చుట్టు, మధ్యలో నూనె. బీడు ఇనుముకు నూనె లేకుండా పొడిగానే వెయ్యండి.

ఇక కదిలించే నట్టు: తూము షట్టర్‌తో మొదలుపెడదాం

సాగర్ ఎడమ కాలువ కింది తూములు కానీ, మన చెరువుల తూములు కానీ చాలా వరకు స్క్రూ షట్టర్లే. పైన స్తంభంలో నట్టు కూర్చుని ఉంటుంది, హ్యాండిల్ తిప్పితే నట్టు తిరుగుతుంది, స్క్రూ రాడ్డు తిరగకుండా పైకి లేస్తుంది, దాని కింద షట్టర్ వేలాడుతుంది.

ఎంత బలం పుడుతుందో ఒకసారి లెక్క చూడండి. హ్యాండిల్ పొడుగు 40 సెంటీమీటర్లు, స్క్రూ పిచ్ 8 ఎంఎం అనుకుందాం. చెయ్యి ఒక చుట్టు తిరిగితే 2,513 ఎంఎం దూరం పోతుంది, షట్టర్ లేచేది 8 ఎంఎం. రాపిడి లేకపోతే బలం 314 రెట్లు అవుతుంది. ఇలాంటి స్క్రూలో సుమారు 30 శాతమే పనికొస్తుంది కాబట్టి 94 రెట్లు అనుకోండి. 15 కిలోల బలంతో తిప్పితే కింద 1,400 కిలోలు. ఒక మనిషి అంత షట్టర్‌ను లేపేది అందుకే, రాడ్డు వంకర పోయేది కూడా అందుకే. లేపేటప్పుడు రాడ్డు లాగుడులో ఉంటుంది, లాగితే రాడ్డు వంగదు. దించేటప్పుడు షట్టర్ కింద మట్టి మీదనో రాయి మీదనో ఆగితే, ఇంకా తిప్పిన కొద్దీ ఆ 1,400 కిలోలూ రాడ్డును నిలువునా నొక్కుతాయి, సన్నటి పొడుగు రాడ్డు పక్కకు వంగిపోతుంది. వంగిన రాడ్డు నట్టు మరలను ఒకవైపే కొరుకుతుంది. కాబట్టి దించేటప్పుడు బిగువు తగలగానే ఆపండి, పూర్తిగా మూసే చోటు రాడ్డు మీద పెయింటుతో గుర్తు పెట్టుకోండి. నీళ్లు కారుతున్నాయని ఇద్దరు ముగ్గురు కలిసి తిప్పొద్దు, షట్టర్ లేపి కింద ఇరుక్కున్నది తీయండి.

హ్యాండిల్ వదిలేసినా షట్టర్ తనంతట తాను జారదు, ఎందుకంటే మర వాలు చాలా తక్కువ, రాపిడి దాన్ని గెలుస్తుంది. గ్రీజు పూస్తే జారిపోతుందేమో అని టెన్షన్ పడక్కర్లేదు, 36 ఎంఎం మధ్య వ్యాసానికి 8 పిచ్ అంటే వాలు 7 శాతమే, గ్రీజు పూసిన ఇనుప స్క్రూకూ గన్‌మెటల్ (కంచు లాంటి లోహం) నట్టుకూ మధ్య కూడా రాపిడి దానికన్నా ఎక్కువే ఉంటుంది.

వానాకాలం ముందు చెయ్యాల్సిన పని: పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి బ్రష్‌తో తోమండి. కడిగే ముందు ఆ పాత గ్రీజు కొంచెం వేలి మీద తీసి ఎండలో చూడండి. పసుపు మెరుపు సన్నగా కనబడితే గన్‌మెటల్ నట్టు మామూలుగా అరుగుతోంది. పసుపు ముక్కలు, పొరలు కనబడితే నట్టు ఆఖరికి వచ్చింది. తర్వాత రాడ్డు మొత్తం పొడుగునా కొత్త గ్రీజు పూసి, షట్టర్‌ను పైదాకా ఒకసారి, కిందిదాకా ఒకసారి నడిపించండి. ఏడాదంతా ఒకేచోట ఉండి నీళ్లు వదిలే రోజు తిప్పితే అది తిరగదు.

నట్టు మెత్తగా ఎందుకుండాలి, ఎప్పుడు మార్చాలి

స్క్రూ పొడుగు, ఖరీదు, చేయడం కష్టం. నట్టు చిన్నది. అందుకే అరగాల్సిన వంతు నట్టుకు ఇస్తారు, గన్‌మెటల్‌తోనో ఫాస్ఫర్ బ్రాంజ్‌తోనో చేస్తారు. ఇనుప నట్టు చేయించి పెడితే చవక అనిపిస్తుంది, ఇనుము మీద ఇనుము జరుగుతూ గీసుకుపోయి స్క్రూ కూడా చెడుతుంది. ఆ పని ఎంత ఒత్తిడి ఉన్నా చేయకండి.

అరుగుదల కొలవడం తేలిక. స్క్రూను పట్టుకుని నట్టును ముందుకూ వెనక్కీ నెట్టి, ఎంత ఆడుతోందో డయల్ గేజ్‌తో చూడండి. 8 ఎంఎం పిచ్‌లో మర మందం 4 ఎంఎం ఉంటుంది. బరువు మోసే చోట మర మందంలో పావు వంతు, అంటే 1 ఎంఎం అరిగితే నేను మార్చమంటాను. జాక్ అయితే ఇంకా ముందే. ఎంత కొత్త జాక్ అయినా దాని మీదే నమ్మకం పెట్టి ట్రాలీ కిందికి దూరకండి, మొద్దులు గానీ స్టాండ్లు గానీ పెట్టాకే దూరండి.

లేత్ క్రాస్ స్లైడ్ (టూలును అడ్డంగా జరిపే భాగం) దగ్గర ఈ ఆట పనిలో నేరుగా కనబడుతుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే డయల్ కొన్ని గీతలు తిరిగాకే టూలు కదులుతుంది. దీనికి రోజువారీ మందు, ఎప్పుడూ ఒకే వైపు నుంచి అంకెకు రావడం. దాటిపోతే ఒక పూర్తి చుట్టు వెనక్కి వచ్చి మళ్లీ ముందుకు రండి. చీలిక ఉన్న నట్టయితే మధ్య స్క్రూ బిగించి ఆట తగ్గించుకోవచ్చు, కానీ స్క్రూ ఎక్కువగా అరిగేది రోజూ పనిచేసే మధ్య భాగమే, అక్కడ ఆట లేకుండా బిగిస్తే కొసల దగ్గర పట్టేస్తుంది. మొత్తం పొడుగునా నడిపించి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట సరిచేసి ఆపండి. లీడ్‌స్క్రూ మీది హాఫ్ నట్టును (రెండు సగాలుగా తెరుచుకునే నట్టు) థ్రెడ్ కోయడానికే వాడుకోండి, మామూలు టర్నింగ్‌కు ఫీడ్ రాడ్డు ఉంది కదా, అలా చేస్తే ఏళ్ల తరబడి థ్రెడ్ కచ్చితంగా వస్తుంది.

ఊళ్లలో ఇప్పుడు చెక్క మీద, రాయి మీద చెక్కే సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్లు వచ్చాయి, వాటిలో బాల్ స్క్రూ నట్టు ఉంటుంది. మరల మధ్య ఉక్కు గుండ్లు దొర్లుతాయి, 90 శాతం దాకా బలం పనికొస్తుంది. అంత తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి కరెంటు పోతే నిలువు యాక్సిస్ జారిపోతుంది, బ్రేక్ ఉన్న మోటారు కావాలి. రాతి పొడి దీనికి విషం, వైపర్ (నట్టు కొసన పొడి లోపలికి పోకుండా ఆపే సీలు) చిరిగిందంటే ఆ రోజే మార్చండి, గ్రాఫైట్ కలిపిన గ్రీజు పెట్టకండి. నట్టును స్క్రూ మీది నుంచి ఊరికే తిప్పి తీస్తే గుండ్లన్నీ నేల మీద రాలతాయి. స్క్రూ అడుగు వ్యాసం కన్నా కొంచెం తక్కువ ఉన్న గొట్టం కొసకు ఆనించి, నట్టును దాని మీదికి నడిపించి, గొట్టంతో సహా పక్కన పెట్టాలి.

లేత్ షాపుకు వెళ్లేటప్పుడు

నల్లగొండ, జడ్చర్ల, వనపర్తి ఎక్కడైనా సరే, కదిలించే నట్టు కొత్తది చేయించాలంటే పాత నట్టు ఒక్కటే పట్టుకెళ్లకండి. అది అరిగింది, దాని కొలత తీసి చేసిన నట్టు అరిగిన కొలతకే వస్తుంది. స్క్రూ కూడా తీసుకెళ్లండి, అరగని కొస దగ్గర కొలవమనండి. అయిదు విషయాలు చెప్పాలి: బయటి వ్యాసం, పిచ్, మర ఆకారం, ఎన్ని స్టార్టులు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా. ఆకారంలో చదరం ఒకటి, 30 డిగ్రీల ట్రెపిజాయిడల్ ఒకటి, 29 డిగ్రీల ఆక్మీ ఇంకొకటి. చివరి రెండూ కంటికి తేడా తెలియవు, గేజ్ పెట్టి చూడాల్సిందే. స్టార్టులంటే స్క్రూ కొస ముఖం మీద ఎన్ని మరలు మొదలవుతున్నాయో లెక్కపెట్టడం, రెండుంటే ఒక చుట్టుకు పిచ్‌కు రెట్టింపు దూరం జరుగుతుంది. నట్టు తయారయ్యాక అక్కడే స్క్రూ మీద పూర్తి పొడుగునా చేత్తో తిప్పి చూడండి, ఎక్కడా ఆగకుండా, గజగజలాడకుండా నడిస్తేనే డబ్బులిచ్చి తెచ్చుకోండి.